లైంగిక వ్యసనం నుండి విడుదల కోరే విశ్వాసి ఏ సహాయాన్ని ముందు ఎంచుకోవాలి?

అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో చూసినదంతా చెరిపేసి, మంచం పక్కన మోకరించి, "ప్రభువా, ఇదే ఆఖరిసారి" అని ప్రార్థించిన విశ్వాసికి తెల్లవారాక ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఉపవాస ప్రార్థనకు పూనుకోవాలా, కాపరి దగ్గరకు వెళ్లాలా, నమ్మకమైన స్నేహితునికి చెప్పాలా, ఇదే పోరాటంలో ఉన్నవారి బృందంలో చేరాలా, కౌన్సెలర్‌నో సైకియాట్రిస్టునో కలవాలా, లేక ఫోన్‌కు అడ్డుకట్ట వేసే యాప్ ఒకటి పెట్టుకుంటే సరిపోతుందా? నేను కూడా ఆ ఆఖరిసారి ప్రార్థనను చాలా ఏళ్లు చేసినవాణ్నే. ఆ తరువాత సంఘంలో ఇదే భారంతో వచ్చినవారి పక్కన కూర్చునే అవకాశం దేవుడు నాకిచ్చాడు. ఈ దారుల్లో ప్రతిదానికీ ఒక బలం, ఒక హద్దు ఉన్నాయి. వాటిని పోల్చి చూపే ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను: మీ సంగతి పూర్తిగా తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కరైనా ఉండేలా చేసే సహాయమేదో దాన్నే ముందు ఎంచుకోవాలి. మిగిలినవన్నీ దాని మీద కట్టుకోవచ్చు.

అయితే మీ సమస్య ఏ స్థాయిలో ఉందో తెలియకుండా సహాయాన్ని ఎంచుకోవడం కష్టం. శోధన రావడం వేరు, ఒక అలవాటు పాతుకుపోవడం వేరు, మానాలని మనస్ఫూర్తిగా కోరుకుంటూ కూడా మానలేని స్థితికి చేరడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ 11వ కూర్పులో ఈ మూడో స్థితికి ఒక పేరుంది. దాన్ని అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనా రుగ్మతగా చెప్పుకోవచ్చు. ఆరు నెలలు లేదా అంతకు మించిన కాలం పాటు ఆ ప్రవర్తన జీవితానికి కేంద్రమై ఆరోగ్యాన్నీ బాధ్యతలనూ పక్కకు నెట్టడం, మానడానికి చేసిన ప్రయత్నాలు పలుమార్లు విఫలం కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆగలేకపోవడం, అందులో తృప్తి దాదాపు లేకపోయినా కొనసాగించడం దాని గుర్తులు. ఆ వర్గీకరణ దీన్ని వ్యసనాల జాబితాలో కాక, ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతల జాబితాలో చేర్చింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎమ్-5లో ఈ రుగ్మతకు చోటు లేదు. పేరు విషయంలో నిపుణుల మధ్య వాదన ఇంకా ఉంది గానీ, మానలేకపోతున్నవాడి బాధ మాత్రం వాదన తేలే దాకా ఆగదు కాబట్టి, మన సంఘాల్లో వాడుకలో ఉన్న వ్యసనం అనే మాటనే నేనూ వాడుతున్నాను.

ఆ వర్గీకరణలో విశ్వాసులు తప్పక తెలుసుకోవలసిన మాట ఒకటుంది. కేవలం నైతికంగా తప్పు చేశానన్న బాధ మాత్రమే ఉంటే అది ఈ రుగ్మత కిందికి రాదని అది స్పష్టంగా చెబుతుంది. నెలకొకసారి తడబడి గుండె బద్దలయ్యేలా ఏడ్చే యువకుణ్ని వ్యసనపరుడని ముద్ర వేస్తే అతనికి అన్యాయం చేసినట్టే. అతనికి కావలసింది ఒప్పుకోలు, క్షమాపణ నిశ్చయత, ఒక అన్న తోడు. దీనికి భిన్నంగా, ఉద్యోగం పోయే స్థితికి వచ్చినా, అప్పులైనా, వివాహం విరిగిపోతున్నా ఆగలేకపోతున్న మనిషికి "ఇంకా ఎక్కువ ప్రార్థన చేయి" అని మాత్రమే చెప్పి పంపితే అది కూడా అన్యాయమే.

ఒంటరి ప్రార్థన, మొక్కుబడి

అందరూ మొదట ఎంచుకునేది ఇదే, ఎందుకంటే ఇందులో ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. ప్రార్థన విలువను నేను తక్కువ చేయడం లేదు, అది లేకుండా నేను ఒక్క రోజు కూడా నిలిచేవాణ్ని కాదు. కానీ దేవునికి మాత్రమే చెప్పి మనుషుల దగ్గర దాచే ఒప్పుకోలులో ఒక ప్రమాదం ఉంది. అందులో సిగ్గు అలాగే మిగిలిపోతుంది, ఆ సిగ్గే మళ్లీ పడిపోవడానికి ఇంధనమవుతుంది. పడినవాడు సిగ్గుతో ముడుచుకుంటాడు, ముడుచుకున్నవాడు ఒంటరి అవుతాడు, ఒంటరితనపు నొప్పిని మరిపించుకోవడానికి అతనికి తెలిసిన మందు ఆ తెర ఒక్కటే. పాపాన్ని దాచి మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించిపోయాయని 32వ కీర్తనలో దావీదు చెప్పుకున్నాడు. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో స్వస్థతను ముడిపెట్టినది ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకొని ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకోవడంతో. ఆ వచనాన్ని మనం జ్వరాలకూ నొప్పులకూ ప్రార్థించేటప్పుడు ఎక్కువగా ఎత్తుకుంటాం గానీ, ఒప్పుకోలు అనే మొదటి సగాన్ని దాటేస్తుంటాం.

ఒంటరి తీర్మానాల్లో ఇంకొక లోటు, అవి శరీరాన్ని పట్టించుకోవు. వ్యసనం నుండి కోలుకునేవారి మధ్య ఒక పాత హెచ్చరిక వాడుకలో ఉంది: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగింటిలో ఏ స్థితిలో ఉన్నావో చూసుకో అని. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయాను చూడండి. భయపడి, అలసి, ఒంటరియై బదరీవృక్షం కింద చావు కోరుకుంటూ పడుకున్న ప్రవక్తకు దేవుడు ముందు నిద్రనిచ్చాడు, రొట్టెనూ నీళ్లనూ ఇచ్చాడు, మళ్లీ నిద్రనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. మిక్కిలి నిమ్మళమైన స్వరం ఆ తరువాతే వినబడింది. ఉపవాసం మంచిదే గానీ, నిద్ర లేక, తిండి లేక, కోపంతో రగిలిపోతూ రాత్రి పదకొండుకు ఒంటరిగా ఫోన్ పట్టుకున్న మనిషికి ఆ రాత్రి ఉపవాసం కన్నా భోజనం, నిద్ర ఎక్కువ మేలు చేస్తాయి.

కాపరా, స్నేహితుడా?

కాపరికి చెప్పడంలో ఉన్న బలం, ఆయన దేవుని వాక్యంతో క్షమాపణను మీ ఎదుట ప్రకటించగలడు. ఇది చిన్న సంగతి కాదు. క్రీస్తుయేసునందున్నవారికి ఇక ఏ శిక్షావిధియు లేదన్న రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయపు మాటను వేదిక మీద నుండి వందసార్లు విన్నవాడు కూడా, తన పాపం వివరంగా విన్న మనిషి నోట, తన కళ్లలోకి చూస్తూ చెబుతుండగా వింటే, మొదటిసారి విన్నట్టు విరిగిపోతాడు. మీరు సంఘంలో పాటలు నడిపించేవారో, పిల్లలకు బోధించేవారో అయితే కాపరికి చెప్పడం బాధ్యత కూడా, ఎందుకంటే కొంతకాలం ఆ పని నుండి తప్పుకోవాలో లేదో మీరొక్కరే తేల్చుకోగల విషయం కాదు.

హద్దులు కూడా ఉన్నాయి. కాపరికి సమయం తక్కువ, ఈ విషయంలో శిక్షణ ఉండకపోవచ్చు, వారం వారం మీ వెంట నడవడం ఆయనకు సాధ్యం కాకపోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, గుట్టు నిలుపుకోగల కాపరి అవునో కాదో మీరు ముందే గమనించాలి. ఇతరుల ఒప్పుకోలును పేరు చెప్పకుండానైనా ప్రసంగంలో ఉదాహరణగా వాడే కాపరి దగ్గర మీ హృదయం విప్పకండి. ఒకసారి నా విషయంలో అలా జరిగింది, నేను మళ్లీ నోరు తెరవడానికి రెండేళ్లు పట్టింది. విన్న వెంటనే చేతులుంచి ప్రార్థించి, "అయిపోయింది, ఇక నీకు పూర్తి విడుదల" అని ప్రకటించి పంపేసే పద్ధతి కూడా ప్రమాదకరం. తరువాతి వారం పడినప్పుడు ఆ మనిషికి తన పాపంతో పాటు తన అవిశ్వాసం కూడా నేరమైపోతుంది.

స్నేహితుని విషయానికి వస్తే, క్రైస్తవ చరిత్రలో దీనికి గొప్ప చిత్రం ప్రాచీన సంఘ బోధకుడైన అగస్టీన్ జీవితంలో ఉంది. క్రీ.శ. 386లో మిలాన్‌లోని ఒక తోటలో, శరీర కోరికల సంకెళ్లతో పెనుగులాడుతూ ఏడుస్తున్న అగస్టీన్ రోమా పత్రిక తెరిచి, 13వ అధ్యాయం చివరి మాటలు చదివాడు. ఆ తోటలో అతను ఒంటరిగా లేడు, అలీపియస్ అనే స్నేహితుడు అక్కడే ఉన్నాడు. అగస్టీన్ ఆ పుటలో వేలు పెట్టి పుస్తకం మూసి, జరిగినది అతనికి చెప్పాడు. అలీపియస్ ఆ వచనం చూపించమని అడిగి, ఇంకొంచెం ముందుకు చదివితే, విశ్వాస విషయంలో బలహీనుణ్ని చేర్చుకోమనే మాట కనిపించింది, దాన్ని అతను తనకే అన్వయించుకున్నాడు. ఆ తరువాత ఇద్దరూ కలిసి ఇంట్లోకి వెళ్లి అగస్టీన్ తల్లి మోనికాకు చెప్పారు. మన సాక్ష్యాల్లో ఆ వచనం గురించి చెబుతాం గానీ, తోటలో పక్కన కూర్చున్న స్నేహితుణ్ని మరచిపోతాం.

మంచి తోడుకు నేను చూసే గుర్తులు ఇవి: మీతో సమాన లింగానికి చెందినవారు, విన్నది కడుపులో దాచుకోగలవారు, మీరు పడినప్పుడు కుమిలిపోకుండా, తేలికగా కొట్టిపారేయకుండా ఉండగలవారు, ఈ దారిలో మీకన్నా కొంచెమైనా ముందు నడిచినవారు. ఒకే గోతిలో ఉన్న ఇద్దరు ఒకరినొకరు ఓదార్చుకోవడంతోనే సరిపెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఈ చివరి గుర్తు మీద పట్టు పట్టండి. అడిగే ప్రశ్న కూడా సూటిగా ఉండాలి. "ఎలా ఉన్నావు?" అంటే "దేవుని కృప వల్ల బాగున్నాను" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. "గురువారం రాత్రి ఫోన్ ఎక్కడ పెట్టి పడుకున్నావు?" అంటే దాచడం కష్టం. కాపరికీ స్నేహితునికీ మధ్య ఒక్కరినే ఎంచుకోవలసి వస్తే నేను స్నేహితుణ్నే ఎంచుకుంటాను, ఎందుకంటే శోధన వచ్చే వేళకు ఫోన్ ఎత్తగలిగేది అతనే.

బృందాల మధ్య తేడాలు

ఒక్క స్నేహితుడు కూడా లేనివారికీ, తన ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేనివారికీ బృందాలు పెద్ద వరం. చాలావాటి మూలం మద్యం మానాలనుకునేవారి కోసం 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, కోలుకోవడానికి 1939లో అది ముద్రించిన పన్నెండు మెట్లు. అదే పద్ధతిని లైంగిక వ్యసనానికి అన్వయించి, 1976లో బోస్టన్‌లో సెక్స్ అండ్ లవ్ అడిక్ట్స్ అనానిమస్, 1977లో మిన్నియాపొలిస్‌లో సెక్స్ అడిక్ట్స్ అనానిమస్ పుట్టాయి. సెక్సాహాలిక్స్ అనానిమస్ కూడా ఆ దశాబ్దపు చివరిలోనే మొదలైంది. వీటిలో చేరడానికి రుసుము లేదు, ఇష్టమైనవారు ఇచ్చే కానుకలతో నడుస్తాయి, ఇంటిపేరు చెప్పనక్కరలేదు, ఫోన్ ద్వారా, ఇంటర్నెట్ ద్వారా జరిగే కూడికలు కూడా ఉన్నాయి.

పేర్లు ఒకేలా వినిపిస్తాయి గానీ, విశ్వాసికి తెలియవలసిన తేడా ఒకటుంది. సెక్సాహాలిక్స్ అనానిమస్ వివాహంలో భార్యాభర్తల మధ్య తప్ప మరే లైంగిక క్రియా లేకపోవడాన్నే నిగ్రహమంటుంది, హస్తప్రయోగానికి కూడా అందులో మినహాయింపు లేదు. సెక్స్ అడిక్ట్స్ అనానిమస్‌లో ప్రతి సభ్యుడూ తనను నడిపించే స్పాన్సర్ సహాయంతో తాను మానవలసినవి ఏవో గీత గీసుకుంటాడు. సెక్స్ అండ్ లవ్ అడిక్ట్స్ అనానిమస్‌లో కూడా ఎవరి హద్దు వారే నిర్ణయించుకుంటారు. లేఖనం చెప్పే వివాహ పవిత్రతను లక్ష్యంగా పెట్టుకున్నవారికి సెక్సాహాలిక్స్ అనానిమస్ నిర్వచనం దగ్గరగా ఉంటుంది. అయితే ఈ మూడూ ఏ మతానికీ చెందనివి, "మనం అర్థం చేసుకున్న దేవుడు" అనే మాట వాడతాయి, అక్కడ క్రీస్తు పేరు ప్రకటించబడదు. క్రీస్తు పేరుతోనే నడిచేది కావాలనుకునేవారికి 1991లో కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ సంఘంలో జాన్ బేకర్ చొరవతో మొదలైన సెలబ్రేట్ రికవరీ ఉంది. అది పన్నెండు మెట్లను లేఖనాలతో జోడించి, కొండమీది ప్రసంగంలోని ధన్యతల ఆధారంగా ఎనిమిది సూత్రాలను నేర్పుతుంది. అందులో అన్ని రకాల గాయాలు, అలవాట్లు ఉన్నవారు వస్తారు కాబట్టి, లైంగిక వ్యసనం గురించి మాత్రమే మాట్లాడే చిన్న గుంపు మీకు దొరికే చోట ఉందో లేదో ముందు అడగండి.

అందుబాటులో ఏది ఉంటే దానికి వెళ్లి, వరుసగా ఆరు కూడికలు హాజరై ఆ తరువాత నిర్ణయించుకోండి అని నేను చెబుతాను. మొదటి కూడికలో చాలామందికి పారిపోవాలనిపిస్తుంది. మూడో నాలుగో కూడికలో ఎవరో ఒకరు మీ కథే చెబుతారు.

నిపుణుల దగ్గరకు ముందు వెళ్లవలసినవారు

కొందరి విషయంలో నా మొదటి సలహాను పక్కనపెట్టి, వైద్యుణ్ని ముందు కలవమంటాను. చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారు, తీవ్రమైన దిగులులో ఉన్నవారు, కొన్ని రోజులపాటు నిద్ర అవసరమే లేనట్టు ఉత్సాహం పొంగి ఆ సమయంలోనే లైంగికంగా అదుపు తప్పేవారు ఆ కోవలోకి వస్తారు. ఈ చివరిది బైపోలార్ వ్యాధి లక్షణం కావచ్చు, దానికి మందులున్నాయి. ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి, పార్కిన్సన్స్ వ్యాధికీ, కాళ్లు నిలవనీయని రెస్ట్‌లెస్ లెగ్స్ సమస్యకూ ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో లైంగిక కోరికను అదుపు తప్పిస్తాయి. జీవితమంతా భక్తిగా బతికిన పెద్దాయన ఆ మాత్రలు మొదలుపెట్టాక ఉన్నట్టుండి మారిపోతే, ఆయనను సంఘంలో నిలబెట్టి గద్దించే ముందు ఆయన మందుల చీటీ వైద్యునికి చూపించాలి. ఆ మందులను సొంతంగా ఆపడం మాత్రం ప్రమాదం.

కౌన్సెలర్ క్రైస్తవుడే అయి ఉండాలా అని చాలామంది అడుగుతారు. ఈ సమస్యలో అనుభవమున్న, మీ విశ్వాసాన్ని గౌరవించే కౌన్సెలర్ అయితే క్రైస్తవుడు కాకపోయినా ఫరవాలేదని నా తీర్పు. శిక్షణ లేని క్రైస్తవ కౌన్సెలర్ కన్నా అతనే మేలు. మొదటి సమావేశంలోనే అడగండి: ఇటువంటివారికి ఇంతకు ముందు సహాయం చేశారా, ఏ పద్ధతిలో పనిచేస్తారు, నా విశ్వాసం ప్రకారం నేను పెట్టుకున్న లక్ష్యాన్ని అంగీకరిస్తారా? ఆలోచనలనూ ప్రవర్తననూ కలిపి చూసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, కోరికతో పోరాడకుండానే దానికి లొంగకుండా ఉండటం నేర్పే యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ ఈ సమస్యలో వాడే పద్ధతుల్లో ఉన్నాయి. మీ బాధకు మీ భక్తే కారణమని తేల్చేసేవారి దగ్గర ఆగవద్దు, మందులు మానేసి విశ్వసించమనే వారి దగ్గర అసలే ఆగవద్దు.

యాప్‌ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అడ్డుకునే ఫిల్టర్ కంచె లాంటిది, దూకాలనుకున్నవాడు దూకుతాడు. మీరు చూసినది మరొకరికి నివేదిక పంపే కవనెంట్ ఐస్ వంటివి కొంత మేలు, ఎందుకంటే అవి మళ్లీ ఒక మనిషిని మధ్యలోకి తెస్తాయి. నాకు అన్నిటికన్నా ఉపకరించినది ఏ యాప్ కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్‌ను వంటగది అలమరలో ఛార్జింగ్ పెట్టి, లేపడానికి మామూలు అలారం గడియారం వాడటం. యోసేపు తన వస్త్రాన్ని పోతీఫరు భార్య చేతిలో విడిచి పారిపోయాడు, అక్కడే నిలబడి తన బలాన్ని పరీక్షించుకోలేదు.

వివాహితులకు

వివాహమైనవారి ఎంపికలో భార్య లేదా భర్త గాయం కూడా లెక్కలోకి రావాలి. ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా చూస్తాను. ఒకటి, దొరికిపోయిన మేరకే ఒప్పుకొని, నెలకొక నిజాన్ని కొంచెం కొంచెంగా బయటపెట్టడం. ప్రతిసారీ గాయం మళ్లీ తెరుచుకుంటుంది, చివరికి చెప్పిన నిజాన్ని కూడా నమ్మలేని స్థితి వస్తుంది. రెండోది, మనసు తేలికపరచుకోవడానికి అర్ధరాత్రి ఏడుస్తూ అన్ని వివరాలూ ఆమె మీద కుమ్మరించడం. అనుభవమున్న కౌన్సెలర్ సహాయంతో, సిద్ధపడి, ఒకేసారి పూర్తి నిజం చెప్పడం ఈ రెండింటికన్నా మేలు. ఇతరులతో శారీరక సంబంధం జరిగి ఉంటే మాత్రం ఆమె ఆరోగ్యానికి సంబంధించిన నిజం ఆలస్యం చేయకూడదు. ఇద్దరూ లైంగిక వ్యాధుల పరీక్షలు చేయించుకోవాలి, ఫలితాలు వచ్చేదాకా ఎడంగా ఉండాలి. ఆమెను మీ కాపలాదారుగా పెట్టకండి, రోజూ ఫోన్ తనిఖీ చేసే బరువు ఆమెకు వద్దు. ఆమెకు తన సొంత తోడు, వీలైతే తన సొంత కౌన్సెలర్ కావాలి. భార్యాభర్తలు ఒకరినొకరు ఎడబాయకూడదనే మొదటి కొరింథీ ఏడవ అధ్యాయం చూపించి, "నీవు నిరాకరించడం వల్లనే నేను పడ్డాను" అనే మాట ఏ కాపరి నోటా రాకూడదు. ఆమె వెంటనే క్షమించాలని తొందరపెట్టే హక్కు కూడా ఎవరికీ లేదు.

పిల్లలకు గానీ, ఇష్టం లేని మనుషులకు గానీ హాని జరిగిన చోట ఈ పోలిక ఏదీ వర్తించదు. అది సంఘంలో మూసి తీర్చుకునే సంగతి కాదు, బాధితుల రక్షణ, చట్టం ఎదుట బాధ్యత వహించడం అన్నిటికన్నా ముందు. అలాగే చావాలన్న ఆలోచన వస్తుంటే ఇవన్నీ తరువాత, ఈ రోజే ఒక మనిషి పక్కన ఉండాలి, ఈ రోజే వైద్యసహాయం అందాలి.

ఎంచుకున్నది పనిచేస్తోందా అని ఎలా చూడాలి?

మూడు నెలలు గడువు పెట్టుకోండి. ఎన్ని రోజులు పడకుండా ఉన్నారన్న లెక్క ఒక్కటే చూస్తే, తొంభయ్యో రోజున పడినవాడు సున్నాకు వచ్చానని కుంగిపోతాడు. నేను చూసేవి వేరు: పడిన తరువాత చెప్పడానికి పట్టే సమయం తగ్గిందా, పడకముందే ఫోన్ చేయడం మొదలైందా, అబద్ధాలు తగ్గాయా, ప్రార్థనకు కూర్చోవడానికి భయం పోయిందా? నాకు మొదట్లో చెప్పడానికి మూడు వారాలు పట్టేది, తరువాత మూడు రోజులు, తరువాత మరుసటి ఉదయం. ఒక రోజు, పడకముందే, చేతులు వణుకుతుండగా ఫోన్ చేశాను. నీతిమంతుడు ఏడుమారులు పడినా తిరిగి లేస్తాడన్న సామెతల గ్రంథపు మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది. మూడు నెలల్లో ఈ గుర్తులేవీ కదలకపోతే మీరు పనికిరారని కాదు, ఇంకొక సహాయాన్ని జోడించవలసి ఉందని అర్థం: స్నేహితుడు మాత్రమే ఉంటే బృందం, బృందం మాత్రమే ఉంటే కౌన్సెలర్.

ఇంతవరకు ఎవరికీ చెప్పని మీకు మొదటి అడుగు కోసం ఒక వాక్యం రాసి ఇస్తున్నాను. పగటిపూట, శోధన లేని వేళ, మీరు ఎంచుకున్న మనిషికి ఇలా పంపండి: "అన్నా, ఎవరికీ చెప్పని విషయం ఒకటి నీకు చెప్పాలి. ఈ వారం ఒక గంట కలుద్దాం. నేను మాట మార్చినా నువ్వు వదలకుండా అడుగు." ఆ చివరి మాట తీసేయకండి, కలిసిన రోజు మీరు మాట మార్చబోయినప్పుడు అది మీకు అడ్డుపడుతుంది.